కారు షెడ్డును గదిగా మార్చే ముందు కింద పారే మురుగు సంగతి చూడండి

పంట కాలువలు కట్టేసిన వేసవి నెలల్లోనే ఈ పని మొదలుపెట్టాలి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి మళ్లీ నీళ్లు వదిలారంటే డెల్టా ఊళ్లలో భూమిలోని ఊట పైకి వస్తుంది. అప్పుడు గొయ్యి తవ్వితే మేస్త్రి పని మానుకుని నీళ్లు తోడుతూ కూర్చోవలసిందే. శ్రావణంలో ముహూర్తం బాగుందంటే గృహప్రవేశం అప్పుడే పెట్టుకోండి. తవ్వకం మాత్రం తొలకరికి ముందే ముగియాలి.

మెట్లెక్కలేని పెద్దవాళ్ల కోసమో, అద్దె వస్తుందనో షెడ్డును గదిగా మార్చుకుంటుంటారు. కింద సొంత గొట్టం ఒక్కటే ఉంటే చిక్కు తక్కువ. అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లలో, ఒకే స్థలాన్ని రెండు ముక్కలుగా అమ్మిన చోట, వెనక ఇంటి మురుగు ముందు ఇంటి షెడ్డు కిందుగానే వీధి డ్రెయినుకో, ఉమ్మడి సెప్టిక్ ట్యాంకుకో చేరుతుంది. షెడ్డు నేలేమో రోడ్డు మట్టానికి దగ్గరగా, ఇంటి గచ్చు కంటే బాగా దిగువన ఉంటుంది. భీమవరంలో యనమదుర్రు డ్రెయిను నిండుగా ఉన్న రోజుల్లో, తీరానికి దగ్గరి ఊళ్లలో సముద్రం పోటు మీద ఉండి డ్రెయిన్లు లాగని వేళల్లో, గొట్టంలోని నీరు వెనక్కి తంతుంది. తన్నిన నీరు ఆ వరుసలో అన్నిటికంటే కిందనున్న రంధ్రం వెతుక్కుంటుంది. అది మీ కొత్త స్నానాలగది నేలలో నీళ్లు పోయే రంధ్రం, అంటే నహానీ ట్రాపే. పైకి వచ్చేది మీ ఒక్క ఇంటి మురుగే కాదు.

అందుకే టైల్స్ దుకాణానికి వెళ్లే ముందు నేల ఎంత ఎత్తు లేపాలో తేల్చుకోండి. వీధి చాంబరు (మురుగు గొట్టాలు కలిసే గొయ్యి) మూత కంటే పైన ఉండాలి, వీధిలో వరద నీరు నిలిచిన గుర్తు కంటే కూడా పైన ఉండాలి. ఇక్కడొక ఇరకాటం ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు కోరుతుంది. కారు షెడ్డుకు 2.4 మీటర్లు ఉన్నా సరిపెడుతుంది. అంత తక్కువ ఎత్తున్న షెడ్డులో నేల మరో అడుగున్నర లేపితే ఫ్యాను కింద నిలబడి చేతులెత్తడానికి కూడా భయపడాలి. పైకప్పు లేపే స్తోమత లేకపోతే, నా మాట వినేట్టయితే, ఆ గదిలో స్నానాలగది, మరుగుదొడ్డి పెట్టకండి. పడక వేసుకుని, పాత ఇంట్లోవి వాడుకోండి. మురుగు గొట్టానికి కలిసే రంధ్రమే లేని గదిలో మురుగు పొంగే దారి చాలావరకు మూసుకుపోతుంది.

పెట్టక తప్పదంటే నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు బిగించాలి. ప్లంబర్లు తరచూ పొరపడేది ఇక్కడే. వాల్వు మీ గది నుంచి వచ్చే శాఖ గొట్టం మీదే ఉండాలి, ఉమ్మడి గొట్టం మీద కాదు. ఉమ్మడి గొట్టం మీద పెడితే అది మూసుకున్నప్పుడు పైన ఉన్న పొరుగింటివారి నీరు పోయే దారి లేక వాళ్ల ఇంట్లోనే నిలుస్తుంది. సరైన చోట పెట్టినా, వాల్వు మూసుకున్నంత సేపు మీ నీళ్లూ బయటికి పోవు. కాబట్టి జోరు వాన రోజున ఆ స్నానాలగది వాడకూడదు. వాల్వు మూత చేతికందేలా ఉంచి, ఏటా తొలకరికి ముందు తీసి శుభ్రం చేయాలి.

ఇక గొట్టం. ఎవరిది ఎటు పోతుందో తెలియకపోతే వెనక ఇంటి మరుగుదొడ్డిలో రంగు నీళ్లు పోయించి, మీ చాంబరులో చూడండి. పాత ఇళ్లలో సిమెంటు అతుకుల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలు ఉంటాయి. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. ఆ కదలికకు అతుకులు విడిపోతాయి. పైన ఇన్నేళ్లు కారు నిలబడింది కాబట్టి గట్టిగానే ఉందనుకోవడం అమాయకత్వం, ఆ బరువుకే పగిలి ఉండవచ్చు. గొట్టం దిగువ చివర బిరడాతో మూసి, నీళ్లు నింపి, అరగంట తర్వాత మట్టం తగ్గిందేమో చూడండి. తగ్గితే గచ్చు వేయకముందే ఆ భాగం మొత్తం మార్చించాలి. గది పూర్తయ్యాక ఆ పనికి టైల్సు పగలగొట్టాలి. ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ అప్పుడు మొదలవుతుంది.

కొత్త గోడ గొట్టం మీద నేరుగా కూర్చోకూడదు. పైన కాంక్రీటు దూలం వేసి, గొట్టం చుట్టూ ఖాళీ వదలాలి. పునాది గొయ్యి గొట్టం అడుగు కంటే లోతుగా, పక్కనే తవ్వితే దాని కింది మన్ను జారిపోతుంది.

చాంబరును టైల్స్ కింద పాతిపెట్టే మేస్త్రిని అక్కడే ఆపండి. వీలైతే చాంబరును గది బయటికి మార్చాలి. కుదరకపోతే రెండు అంచుల సీలుతో, బోల్టులతో బిగించే మూత పెట్టాలి. లోపలి వాయువులు పోయేలా పైకప్పు దాటి గాలి గొట్టం లేపాలి. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పసిగట్టలేదు, కాబట్టి వాసన తగ్గింది, ప్రమాదం లేదనుకోకండి. మురుగులో పుట్టే మీథేన్ వాయువుకు నిప్పు తగిలితే పేలుతుంది. వాసన పోవాలని మూత దగ్గర సాంబ్రాణి వెలిగించడం, లోపల చూడటానికి అగ్గిపుల్ల గీయడం రెండూ తప్పే. చాంబరులోకో ట్యాంకులోకో మనిషిని దించవద్దు. రక్షణ సామగ్రి లేకుండా దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తుంది. యంత్రం పంపమని పురపాలక కార్యాలయాన్నే అడగాలి.

ప్లానులో పార్కింగుగా చూపిన చోటును గదిగా మారిస్తే అనుమతి విడిగా తీసుకోవాలి. పొరుగువారితో మాట కూడా కాగితం మీదే ఉండాలి: మరమ్మతుకు లోపలికి రానిచ్చే హక్కు, ఖర్చుల వాటా, తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది. మీరు పొరుగు ఊరికి వెళ్లినప్పుడు పొంగితే తలుపు తీసేవారెవరో కూడా అందులోనే రాసుకోండి. గొట్టాన్ని మట్టితో కప్పే ముందు టేపు పట్టి, రెండు గోడల మూలల నుంచి దూరాలు కొలిచి, ఫోటోలతో సహా ఒక ప్రతి వెనక ఇంటివారికి ఇవ్వండి.