మసక వెలుతురులో రేంజ్‌ఫైండర్ ఫోకస్: మెరిసే చుక్కని పట్టుకోండి

వెలుతురు తక్కువున్న చోట రేంజ్‌ఫైండర్‌తో (వ్యూఫైండర్‌లో కనపడే రెండు బొమ్మల్ని ఒకదాని మీదకి ఒకటి తెచ్చి ఫోకస్ చేసే కెమెరా) నుదుటి మీదో చెంప మీదో ఫోకస్ చేయాలని కుస్తీ పట్టకండి, అక్కడ రెండు బొమ్మలు కలిశాయో లేదో ఎంతసేపు చూసినా తేలదు. మెరిసే చుక్క కోసం వెతకండి. కంట్లో దీపం మెరుపు, కళ్లజోడు అంచు, ఏదైనా సరే. మొన్న కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి వెలుగులో అమ్మమ్మను తీస్తూ ఆమె ముక్కుపుడక మీద మెరుపు పట్టుకున్నాను, వ్యూఫైండర్ మధ్యలో ఉండే చిన్న పసుపు పచ్చ గడిలో రెండు చుక్కలు మెల్లగా దగ్గరకొచ్చి ఒక్కటయ్యాయి, కళ్లు కూడా చక్కగా షార్ప్‌గా వచ్చాయి.

మెరుపు దొరక్కపోతే నిలువు గీత చూడండి: చొక్కా అంచు, తలుపు చట్రం, అదే దూరంలో ఉన్నది ఏదైనా. ఈ కెమెరాల్లో రెండో బొమ్మ అడ్డంగానే జరుగుతుంది కాబట్టి అడ్డగీతల మీద తేడా కనపడదు. అడ్డగీతలే ఉంటే కెమెరాని నిలువుగా తిప్పి ఫోకస్ చేసి, మళ్లీ మామూలుగా పట్టుకోండి.

ఒకసారి ఫోకస్ కుదిరాక మీరు ముందుకూ వెనక్కీ ఊగకండి. కానోనెట్ క్యూఎల్17 జీ-III లాంటి కెమెరాలో ఉండే 40 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/1.7 దగ్గర, అంటే పూర్తిగా తెరిచి పెడితే, మీటరు దూరంలో షార్ప్‌గా వచ్చేది మొత్తం సుమారు 6 సెంటీమీటర్లే. అన్నట్టు, కెమెరా ముందువైపు రెండో బొమ్మ కోసం ఉండే చిన్న కిటికీకి వేలు అడ్డం పడితే రెండో బొమ్మే మాయమవుతుంది, చీకట్లో అది ముందు చూసుకోండి.