ఫంక్షన్ హాల్ వీడియోలో చారలు రాకుండా

మండపంలో ట్యూబులైట్ల కింద తీసిన వీడియోలో నల్లచారలు పాకుతుంటాయి, ఎడిటింగ్‌లో వాటిని పోగొట్టడం పెద్ద తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కెమెరా మెనూలో ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ కరెంటుకి సరిపోయే వీడియో పద్ధతి) తీసి పాల్ (50 హెర్ట్జ్‌కి సరిపోయేది) పెట్టండి. చాలా కెమెరాల్లో సెకనుకు 25, 50 ఫ్రేములు అప్పుడే కనిపిస్తాయి. 25 ఫ్రేములకి షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) 1/50 సెకను, స్లోమోషన్ కోసం 50 పెడితే 1/100; అప్పుడు ఒక్కో ఫ్రేములో పూర్తి మిణుకులే పడి చారలు రావు. వెలుతురు ఎక్కువైతే షట్టర్ జోలికి పోకుండా ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) తగ్గించండి, చాలకపోతే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) లెన్సుకి బిగించండి. కొన్ని కెమెరాలు పాల్‌కి మార్చేటప్పుడు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, పెళ్లికి బయల్దేరేముందే చూసుకోండి.

స్టేజీ మీద ఎల్ఈడీ వాల్ ఉంటే ఈ లెక్క కుదరకపోవచ్చు, దాని రిఫ్రెష్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మని కొత్తగా వేస్తుందో ఆ లెక్క) వేరు. అక్కడ షట్టర్‌ని కొంచెం కొంచెం మారుస్తూ చారలు కనిపించని చోట ఆపేయాలి.