చీనా సామ్రాజ్యపు నమూనా నాణెం కొనే ముందు

కొత్త నాణేన్ని చలామణిలోకి వదిలే ముందు, పైవారి ఆమోదం కోసం టంకశాల కొద్ది సంఖ్యలో కొట్టి చూపేవే నమూనా నాణేలు. ఇవి అరుదు గనుక నకిలీలు ఎక్కువ. గంజాం, రాయగడ జిల్లాల్లోని మన తెలుగు సేకర్తలకు నా సలహా ఒక్కటే: ముందుగా సాధారణ నాణెం ఒకటి కొని, దాన్ని క్షుణ్ణంగా తెలుసుకోండి.

దక్షిణ చీనాలోని క్వాంగ్‌టుంగ్ రాష్ట్రపు వెండి డాలరుతో మొదలుపెట్టడం మేలు. బర్మింగ్‌హామ్‌కు చెందిన హీటన్ సంస్థ పంపిన యంత్రాలతో 1889లో అక్కడ ముద్రణ ఆరంభమైంది. మెక్సికో డాలరును పక్కకు నెట్టాలని తొలుత దానికంటే బరువుగా 7 మేస్ 3 కాండరీన్లతో కొట్టారు (ఇవి చీనా తూనిక కొలతలు, పది కాండరీన్లు ఒక మేస్). అయితే ఎక్కువ వెండి ఉన్న నాణేన్ని జనం దాచుకుంటారే తప్ప ఖర్చు పెట్టరు గనుక, ఆ తరువాత 7 మేస్ 2 కాండరీన్లకు తగ్గించారు. సేకర్తలు నమూనాల వరుసలో ఉంచేది ఆ తొలి బరువు నాణేన్నే.

ఈ రెండింటి తేడా 0.37 గ్రాములు, అంటే మన కంసాలి లెక్కలో మూడు గురిగింజల ఎత్తు. మొదటిది సుమారు 27.23, రెండోది 26.86 గ్రాములు. భూతద్దం కింద చీనా అంకెను చూడండి: రెండుకు రెండు అడ్డగీతలు, మూడుకు మూడు. సాధారణ నాణెంపై ఇంగ్లీషు అక్షరాలు డ్రాగన్ వైపు ఉంటాయి; తొలి నాణెంపై అవి రెండో వైపున ఉంటాయి. గీత ఒకటి చెక్కి అంకెను మార్చగలరేమో గాని, ఇంగ్లీషు వరుసను అటు నుంచి ఇటు మార్చడం అంత తేలిక కాదు.

బరంపురంలో ఏ కంసాలి దగ్గరైనా చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది. దానిపై నీళ్ల గిన్నె పెట్టి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచితే, 90 శాతం వెండికి కాటా 2.6 గ్రాముల దాకా ఎక్కువ చూపాలి. ఇత్తడి, నికెల్ మిశ్రమాలైతే మూడు దాటుతుంది. ఒక సంతలో నేను ముచ్చటపడి కొన్న డాలరు అలాగే మూడు దాటింది, అంచున పోత అతుకు కూడా అప్పుడే కనబడింది. ఈ పరీక్ష కొనకముందే చేయవలసింది.

1911 నాటి, ఇటలీ శిల్పి లుయీజీ జోర్జి చెక్కిన తియాన్‌జిన్ టంకశాల నమూనాల వంటి ఖరీదైనవాటిని, నాణేలను పరీక్షించి నంబరు వేసి మూసి ఇచ్చే అమెరికా సంస్థలైన ఎన్‌జీసీ లేదా పీసీజీఎస్ డబ్బీలో ఉన్నవే కొనండి. డబ్బీలకూ నకిలీలు వస్తున్నాయి గనుక, నంబరుతో పాటు వారి వెబ్‌సైటులో ఫొటో ఉంటే దాన్ని మచ్చ మచ్చా పోల్చి చూడాలి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటిని మనంతట మనం విదేశాలకు పంపలేము.

కొన్న తరువాత చింతపండుతో గాని, విభూతితో గాని తోమకండి. నల్లబడిన ఆ పొరే నాణెం వయసుకు సాక్ష్యం, తోమిన వెండికి విలువ పడిపోతుంది. పీవీసీ సంచులు మానండి, ముఖ్యంగా మన సముద్రతీరపు తేమలో.