కరెంటు వైర్ల మీదుగా ఇంటర్నెట్ - 3వ పాఠం: ఏ ప్లగ్ పాయింట్‌లో పెట్టాలి?

గత పాఠంలో, ఇంటి కరెంటు వైర్ల మీదుగా ఇంటర్నెట్‌ను పంపే రెండు అడాప్టర్లను జత చేశాం. ఒకదాని బటన్ నొక్కి, 2 నిమిషాల లోపు రెండోదాని బటన్ నొక్కడంతో ఆ పని అయిపోయింది. ఈ పాఠమంతా ప్లగ్ పాయింట్ల గురించే. పెట్టె మీద వేగం 600 అని ఉన్నా 1000 అని ఉన్నా, మేడ మీది గదికి అందులో ఎంత చేరుతుందో తేల్చేది గోడలో ఉన్న వైరింగే. పైగా 600 రకంలో చాలా మోడళ్లకు లాన్ పోర్టు (నెట్ వైరు పెట్టే రంధ్రం) 100 ఎంబీపీఎస్‌దే, అంటే సెకనుకు 100 మెగాబిట్లదే, ఉంటుంది. అలాంటి వాటిలో వైరింగ్ ఎంత బాగున్నా 95 దాటదు.

ముందు ఒక ఆధారపు అంకె కావాలి. రెండు అడాప్టర్లనూ ఒకే గదిలో, దగ్గర దగ్గరగా ఉన్న రెండు ప్లగ్ పాయింట్లలో పెట్టండి. మొదటిదానికి రౌటర్ నుంచి లాన్ వైరు, రెండోదానికి ల్యాప్‌టాప్ కలపండి. ల్యాప్‌టాప్ వైఫై ఆపేయడం మరవద్దు, లేకపోతే మీరు కొలిచేది వైఫై వేగమే అవుతుంది. ఇంటర్నెట్ స్పీడ్ టెస్టును ఇక్కడ నమ్మకండి, అది మీ ప్లాన్ వేగం దగ్గరే ఆగిపోతుంది. రౌటర్‌కు లాన్ వైరుతో ఇంకో కంప్యూటర్ కలిపి, ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రెండింటి మధ్య కొలవండి. అది కుదరకపోతే 1 జీబీ ఫైలు ఒకటి కాపీ చేసి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 100 సెకన్లు పడితే వేగం సుమారు 80 ఎంబీపీఎస్. వచ్చిన అంకెను నోటుపుస్తకంలో రాసుకోండి. ఇకపై ఏ గదిలో కొలిచినా దీనితోనే పోల్చాలి. దీనిలో సగం వస్తే ఆ ప్లగ్ పాయింట్ మంచిదనే లెక్క.

ఇప్పుడు ఫేజుల సంగతి. మన ఇళ్లలో ఎక్కువ తికమక ఇక్కడే. సింగిల్ ఫేజ్ మీటరుంటే ఈ భాగం వదిలేయండి. త్రీ ఫేజ్ ఇంట్లో గదులను మూడు ఫేజులకు పంచి ఉంటారు. హాలు ఒక ఫేజులో, మేడ మీది గది ఇంకో ఫేజులో ఉంటే ఆ రెండు వైర్లకూ నేరుగా లంకె ఉండదు. పక్కపక్కనే సాగే వైర్ల మధ్య కొంత సిగ్నల్ దూకుతుంది కాబట్టి లింకు దొరకవచ్చు, కానీ వేగం బాగా పడిపోతుంది. ఏ గది ఏ ఫేజులో ఉందో తెలుసుకోవడానికి బోర్డు విప్పనక్కర్లేదు. వీధిలో ఒక ఫేజు పోయినప్పుడు ఏ గదుల్లో లైట్లు ఆరిపోయాయో చూసి రాసుకోండి. అలా రెండుసార్లు గమనిస్తే ఇంటి మ్యాపు చేతికొస్తుంది. అంతవరకు ఆగలేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులకు పైగా ఉంటుంది, మీటరు పట్టుకుని మీరే ప్రయత్నించకండి.

ఫేజ్ ఛేంజ్ఓవర్ స్విచ్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. లో వోల్టేజ్ వచ్చిందని ఆ స్విచ్ తిప్పితే ఆ గది వేరే ఫేజులోకి మారిపోతుంది. నిన్నటిదాకా బాగా నడిచింది ఇవాళ హఠాత్తుగా మందగించిందంటే, అడాప్టర్‌ను అనుమానించే ముందు ఆ స్విచ్ ఎటు తిరిగి ఉందో చూడండి.

ఇన్వర్టర్ లైను కూడా ఇలాంటిదే. రౌటర్ సాధారణంగా ఇన్వర్టర్ లైనులో ఉంటుంది. దాని పక్కనే ఉంది కదా అని అడాప్టర్‌నూ అక్కడే పెట్టి, రెండోదాన్ని మామూలు లైనులో పెడితే సిగ్నల్ ఇన్వర్టర్ గుండా పోవాలి. అందులోని ఫిల్టర్ల వల్ల అది బాగా బలహీనపడుతుంది. కరెంటు పోతే మామూలు లైనులో ఉన్న అడాప్టర్ ఎలాగూ ఆరిపోతుంది. కాబట్టి రెండూ ఇన్వర్టర్ లైనులోనైనా ఉండాలి, రెండూ మామూలు లైనులోనైనా ఉండాలి. కోతలు ఎక్కువున్న ఊళ్లో మొదటిదే మేలు. ఒక్కో అడాప్టర్ తినేది కొద్ది వాట్లే, బ్యాటరీకి అదొక భారం కాదు.

అడాప్టర్‌ను ఎప్పుడూ గోడ ప్లగ్‌లోనే నేరుగా పెట్టండి. స్పైక్ గార్డులో పెట్టకూడదు. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే, ఈ సిగ్నల్ 2 మెగాహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 20 లక్షల సార్లకు, పైన నడుస్తుంది. ఇలా వేగంగా ఊగే రొదను, అంటే వైర్లలో చొరబడే అనవసరపు సిగ్నళ్లను, మింగేయడమే స్పైక్ గార్డు పని. దాని లెక్కలో మన సిగ్నల్ కూడా రొదే. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు అంత చెరుపు చేయదు గానీ, పొడవు తగ్గించండి.

ఏవీ2 అనే కొత్త తరం అడాప్టర్లలో కొన్ని ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ వైరును కూడా వాడుకుంటాయి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. అక్కడ ఖరీదైన అడాప్టర్ కూడా రెండు వైర్లతోనే సరిపెట్టుకోవాలి. ఎర్తింగ్ వేయించుకోవడం ఇంటర్నెట్ కోసం కాకపోయినా, ప్రాణం కోసమైనా అవసరమే.

చివరగా రొద వేట. వేగాన్ని రెండు వైపులా కొలవండి, డౌన్‌లోడ్ వేరు, అప్‌లోడ్ వేరు. గదిలో డౌన్‌లోడ్ మాత్రమే తక్కువగా ఉంటే దొంగ ఆ గదిలోనే ఉన్నాడు. ఎందుకంటే సిగ్నల్‌ను అందుకునే చోట ఉన్న రొదే ఎక్కువ చెరుపు చేస్తుంది. అప్‌లోడ్ మాత్రమే తక్కువైతే రౌటర్ పక్కన వెతకండి. చవక ఫోన్ ఛార్జర్, ఎల్ఈడీ బల్బు, ఫ్యాన్ రెగ్యులేటర్‌లను ఒక్కొక్కటిగా తీస్తూ మళ్లీ కొలవండి. మిక్సీ తిరిగినంతసేపూ వేగం పడిపోవడం మామూలే, దాని మోటారు బ్రష్షుల దగ్గర వచ్చే నిప్పురవ్వలే కారణం. దొంగ ఛార్జర్ దొరికితే దాన్ని దూరపు బోర్డుకు మార్చండి. మీ అడాప్టర్‌కే ప్లగ్ పాయింట్ ఉంటే ఛార్జర్‌ను అందులో పెట్టండి, రొదను ఆపే ఫిల్టర్ అందులో ఉంటుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. ఇంట్లో కనీసం 6 ప్లగ్ పాయింట్లలో కొలిచి గది, ఫేజు, డౌన్‌లోడ్, అప్‌లోడ్ అని నాలుగు గళ్లలో రాయండి. మిక్సీ ఆపి ఉన్నప్పుడు ఒకసారి, రాత్రి లైట్లన్నీ వెలిగాక ఇంకోసారి కొలవండి. 4వ పాఠంలో వైఫై ఉన్న అడాప్టర్‌ను వీటిలో మెరుగైన చోట పెట్టి, కింద రౌటర్‌కున్న పేరు, పాస్‌వర్డ్‌లతోనే నడిపిద్దాం.