డ్రాయింగ్ హాల్లో రేఖాగణితం – 4వ పాఠం: విల్లు, నారి, బాణం

కిందటి పాఠంలో కోణాలు పూర్తిచేశాం. ఈసారి వృత్తం. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లు మొదటి నెలలో ఎక్కువగా తడబడేది ఇక్కడే. బోర్డు దగ్గర సార్ టాంజెంట్ అంటారు, కార్డ్ అంటారు, ఆర్క్ అంటారు. మూడూ మీకు తెలిసినవే: స్పర్శరేఖ, జ్యా, చాపం. పేరు మారింది గానీ గీత అదే. పైగా తెలుగు పేరు తెలిసినవాళ్లకు ఒక లాభం ఉంది. ఆ పేరులోనే బొమ్మ ఉంది.

కాగితం మీద వృత్తంలో కొంత భాగం మాత్రమే గీయండి. దాని రెండు కొసలనూ స్కేలు పెట్టి కలపండి. విల్లు కనిపించిందా? వంగిన గీత చాపం, చాపమంటే విల్లే. కొస నుంచి కొసకు బిగించిన గీత జ్యా, జ్యా అంటే వింటినారి. నారి నడుమ నుంచి విల్లు నడుమకు లంబంగా గీసిన చిన్న గీత శరం, అంటే బాణం. ఈ మూడో మాట ఇప్పుడు తక్కువగా వినిపిస్తుంది. వర్క్‌షాపులో మాత్రం చాలా పనికొస్తుంది. ఎలాగో చూద్దాం.

గుండ్రటి ఫ్లాంజ్ (పైపుల కొసలను బోల్టులతో కలిపే చక్రం లాంటి భాగం) ఒకటి పగిలింది, మీ చేతికి దాని అంచు ముక్క ఒక్కటే వచ్చింది. కొత్తది చేయించాలంటే వ్యాసం కావాలి. కేంద్రం ముక్కలో లేదు, ఎక్కడి నుంచి కొలుస్తారు? ముక్క రెండు కొసల మధ్య తిన్నగా కొలవండి, అది జ్యా. 80 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. నడుమ బాణం ఎత్తు 20 మి.మీ. వచ్చింది. ఇప్పుడు పూర్తి వృత్తాన్ని ఊహించుకోండి. ఆ నారికి అవతలి పక్కన ఇంకో పెద్ద విల్లు ఉంటుంది, దానికీ ఒక బాణం ఉంటుంది. ఈ రెండు బాణాలూ కలిస్తేనే వ్యాసం.

రెండు బాణాల లబ్ధం సగం నారి వర్గానికి సమానం. ఈ సూత్రం ఆర్యభటీయం గణితపాదంలో ఉంది, ఆ గ్రంథం క్రీ.శ. 499 నాటిది. సగం నారి 40, దాని వర్గం 1600. దాన్ని చిన్న బాణం 20తో భాగిస్తే పెద్ద బాణం 80. రెండూ కలిపితే వ్యాసం 100 మి.మీ. అయిపోయింది. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

అదే గ్రంథంలోని అర్ధజ్యా, అంటే సగం నారి, దేశాలు దాటి మీ కాలిక్యులేటర్ మీద సైన్ బటన్ అయింది. జ్యాకు మరో రూపమైన జీవా అరబ్బీలోకి వెళ్లింది. అక్కడి రాతను వేరే మాటగా చదివి, వంపు అనే అర్థంలో లాటిన్‌లోకి సైనస్ అని మార్చారు. త్రికోణమితి అంటే భయపడే విద్యార్థులకు నేను ముందు ఈ సంగతే చెబుతాను.

చాపాన్నీ జ్యానూ ఒకటిగా తీసుకోకండి. 60 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తంలో కేంద్రం దగ్గరి 60 డిగ్రీల కోణానికి జ్యా సరిగ్గా 60 మి.మీ., చాపం దాదాపు 62.8 మి.మీ. గుండ్రటి అంచుకు రేకు చుట్టాలంటే జ్యా కొలతతో కత్తిరించిన ముక్క చాలదు. జ్యా సరిగ్గా వ్యాసార్ధానికి సమానం కావడం మాత్రం మనకు పెద్ద సౌకర్యం. ఫ్లాంజ్‌లో ఆరు బోల్టు రంధ్రాలు గుర్తించాలంటే, వాటి కేంద్రాలు పడే వృత్తాన్ని గీసిన కంపాస్‌ను అలాగే ఉంచి అదే వృత్తం మీద ఆరుసార్లు నడిపిస్తే చాలు.

అక్షరాల గురించి ఒక మాట. సగం అనే అర్థంలో రాసేది అర్ధం. కాబట్టి వ్యాసంలో సగం వ్యాసార్ధం. థ వత్తుతో రాసింది కూడా చాలాచోట్ల కనిపిస్తుంది, తికమకపడకండి. డ్రాయింగ్‌లో పూర్తి వృత్తానికి వ్యాసం వేస్తాం, చాపానికి వ్యాసార్ధం వేస్తాం. కారణం పనిచేసే చేతిలో ఉంది. రంధ్రం మధ్యలో ఉన్నది ఖాళీయే, అక్కడి నుంచి కొలవడం కుదరదు. వెర్నియర్ కాలిపర్ ఈ గోడ నుంచి ఆ గోడకు కొలుస్తుంది. డ్రిల్ బిట్‌ను కూడా వ్యాసం చెప్పే కొంటాం.

ఇక స్పర్శరేఖ. వృత్తాన్ని రెండు చోట్ల కోస్తే ఛేదనరేఖ, ఒక్కచోట తాకి వెళ్తే స్పర్శరేఖ. తాకిన చోటికి కేంద్రం నుంచి గీసిన వ్యాసార్ధం దానికి లంబంగా ఉంటుంది. షీటు మీద మార్కులు పోయేది ఈ లంబం మరిచినప్పుడే. పోత పోసిన భాగాల్లో లోపలి మూల పదునుగా ఉంటే ఒత్తిడి అక్కడే పోగుపడి బీట తీస్తుంది. అందుకే ఆ మూలను ఫిల్లెట్‌తో గుండ్రం చేస్తారు. 15 మి.మీ. ఫిల్లెట్ కావాలంటే మూలలోని రెండు గీతలకూ లోపలి వైపున 15 మి.మీ. దూరంలో సమాంతర రేఖలు గీయండి. అవి కలిసిన చోటే కేంద్రం. అక్కడి నుంచి మూల గీతల మీదికి లంబాలు దించితే చాపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తేలుతుంది. పెన్సిల్ గీతలను ముదురు చేసేటప్పుడు చాపాన్ని ముందు దిద్ది, తర్వాత గీతలను దానికి కలపండి. గీతను చాపానికి కలపడం తేలిక, చాపాన్ని రెండు గీతలకు అతికించడం కష్టం.

ఇంటి దగ్గర చేయాల్సినవి రెండు. పళ్లెం అంచు వెంట పెన్సిల్‌తో చాపం గీసి, పళ్లెం పక్కన పెట్టేసి, నారినీ బాణాన్నీ కొలిచి వ్యాసం కట్టండి. తర్వాత పళ్లెం వ్యాసం కొలిచి రెండూ పోల్చండి. రెండోది: జ్యా 96, శరం 24 మి.మీ. ఉన్న ముక్కకు వ్యాసం లెక్కకట్టి, ఆ వృత్తాన్ని షీటు మీద గీసి, 96 మి.మీ. జ్యా అందులో సరిపోతుందో లేదో చూడండి. వచ్చే పాఠం శంకువు గురించి. దాన్ని ఏటవాలుగా కోస్తే వచ్చే దీర్ఘవృత్తం, పరావలయం గీస్తాం. ఒక క్యారెట్టు దగ్గర పెట్టుకోండి.