కుంట ఎగువన వెంచర్ పడుతుంటే కట్టుకాలువను కాపాడుకోవడం ఎలా?

చిట్యాల, జడ్చర్ల వైపు హైవే వెంట ప్లాట్లు పడుతున్న ఊళ్లలో కుంట ఎండితే అందరి చూపూ శిఖం (కుంటలో నీళ్లు నిలిచే భూమి) కబ్జా మీదికే పోతుంది. చాలాసార్లు అసలు దెబ్బ ఎగువన తగులుతుంది. కుంటలోకి వాననీళ్లు తెచ్చే కట్టుకాలువను డోజర్ ఒక్క పూటలో చదును చేస్తుంది, ఆ తర్వాత ఎంత వానొచ్చినా అలుగు పారదు. అందుకే డోజర్ దిగకముందే పని మొదలుపెట్టాలి.

పెద్ద వాన వెలిసిన గంటలోపు కుంట నుంచి ఎగువకు కాలువ వెంట నడవండి. నీళ్లు కలిసే ప్రతి చోటా లొకేషన్ పడేలా ఫొటో తీయండి. గ్రామ నక్షా ఒక్కటే సరిపోదు, పట్టా భూముల్లోంచి పారే చిన్న కాలువలు అందులో ఉండకపోవచ్చు.

తర్వాత ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). అంటే అలుగు అంచు దాకా నిండితే నీళ్లు పరుచుకునే మేర. హద్దు ఖరారు చేసేది ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లే గానీ, మేస్త్రీల లెవెల్ పైపుతో ముందే మీరు అంచనాకు రావచ్చు. అలుగు అంచు మట్టాన్ని పైపుతో ఒక్కో గుంజ మీదికి మార్చుకుంటూ, నేల ఆ మట్టాన్ని తాకిన చోటల్లా రాయి పాతండి. పైపులో గాలి బుడగ ఉంటే మట్టం తప్పుతుంది. అలుగును ఎవరైనా కొట్టి గండి పెట్టి ఉంటే ఆ గండి నుంచి కొలవొద్దు, చెడని కట్టడం పైఅంచు నుంచే కొలవాలి.

2012 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు (సుమారు 24 ఎకరాల 28 గుంటలు), అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. ఈ 2 మీటర్లలో పూడిక తీయడానికి జేసీబీ కూడా పట్టదు. లేఅవుట్‌లో కాలువకు ఒక పక్కన 4 మీటర్ల బాట పట్టుబట్టి అడగండి.

ఎక్కువగా తప్పు జరిగేది రోడ్డు కింద వేసే సిమెంటు గూనల (పైపుల) దగ్గర. 20 ఎకరాల చల్క నేల మీద గంటకు 60 మి.మీ. లెక్కన వాన పడి, అందులో 30 శాతం పారితే సెకనుకు దాదాపు 400 లీటర్లు వస్తాయి. అదే నేల రోడ్లు, కప్పులతో నిండి 70 శాతం పారితే 940 లీటర్లు. 200 అడుగులకు అడుగు వాలులో 600 మి.మీ. గూన మోసేది 430 లీటర్లే. పాత లెక్కతో వేసిన గూన మొదటి గట్టి వానకే రోడ్డును కోసేస్తుంది. ఇక్కడ కనీసం 900 మి.మీ. గూన వేయాలి, స్లాబ్ కల్వర్టయితే ప్లాస్టిక్ చెత్త ఇరుక్కోదు కాబట్టి ఇంకా మేలు. గూన అడుగు కాలువ అడుగుతో సమంగా ఉండాలి. ఎత్తుగా ఉంటే నీళ్లు ఎగువనే నిలుస్తాయి, లోతుగా ఉంటే ఒండ్రు నిండుతుంది.

ఇంటి ఇంకుడు గుంతల విషయంలోనూ లెక్క తప్పుతుంటారు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మి.మీ. వాన అంటే 5,000 లీటర్లు. మీటరున్నర పొడవు, వెడల్పు, లోతుతో తవ్వి రాళ్లు నింపిన గుంతలో ఒక్కసారికి పట్టేది 1,300 లీటర్ల పైచిలుకే. మిగతాది కాలువలోకి వెళ్లే దారి ఉంచాలి. మురుగు పైపు మాత్రం ఆ కాలువలో కలపనివ్వొద్దు.

ఏటా మృగశిర కార్తెకు ముందే గూనల నోళ్లు, కాలువలోని సర్కారు తుమ్మ శుభ్రం చేయించండి. తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలించాలి.