‘తాతి’ నుంచి ‘కాకి’ దాకా: బడిలో స్పీచ్ థెరపీ అసిస్టెంటు పని

ఈ పనికి మామూలు దారి ఇంటర్ తర్వాత ఏడాది పాటు చదివే డి.హెచ్.ఎల్.ఎస్. (వినికిడి, భాష, వాక్కుకు సంబంధించిన డిప్లొమా). మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ కోర్సు నడుపుతోంది. ఎక్కడ చదివినా ఆర్.సి.ఐ. (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి, పూర్తయ్యాక ఆ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. పిల్లాణ్ని పరీక్షించడం, లోపం ఏమిటో చెప్పడం, లక్ష్యం నిర్ణయించడం థెరపిస్టు పని. ఆ లక్ష్యాన్ని సాధన చేయించి, లెక్క రాయడం మీ పని. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఉన్నా, ప్రైవేటు బడిలో ఉన్నా ఈ గీత దాటకండి. ‘మా వాడికి నాలుక కింద తీగ కోయించాలా?’, ‘వస నాలుకకు రాస్తే మాట వస్తుందా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. వస వల్ల మాట రాదు. తీగ సంగతి థెరపిస్టు చూసి చెప్పాల్సిందే.

పిల్లాడు చెవి మిషన్ వాడేవాడైతే ముందు దాన్ని చూడాలి. మౌల్డులో (చెవిలో ఇమిడే అచ్చులో) గులిమి ఉందా, బ్యాటరీ పనిచేస్తోందా? 13 నంబరు బ్యాటరీకి నారింజ స్టిక్కరు, 675కి నీలం స్టిక్కరు ఉంటాయి. అవి గాలి తగిలితేనే పనిచేస్తాయి కాబట్టి స్టిక్కరు తీశాక ఓ నిమిషం ఆగి పెట్టండి. తర్వాత పిల్లాడి వెనక నిలబడి, మీటరు దూరం నుంచి ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ ఒక్కొక్కటిగా పలకండి. విన్నప్పుడల్లా చెయ్యెత్తమనండి. ఒకే తాళంలో పలికితే వాడు వినకుండానే ఊహించి చెయ్యెత్తేస్తాడు. అందుకే మధ్యలో ఒకసారి రెండు సెకన్లు, ఇంకోసారి ఏడు సెకన్లు ఆగండి. నిన్న వినిపించిన ‘స్’ ఇవాళ వినిపించకపోతే పాఠం మొదలుపెట్టకుండా ముందు ఆ విషయం థెరపిస్టుకు తెలియజేయండి.

ఇక అసలు సాధన. నాలుగేళ్లు దాటినా ‘కాకి’ని ‘తాతి’ అనే పిల్లలు బడిలో తరచూ కనిపిస్తారు. ‘క’కి నాలుక వెనక భాగం లేవాలి, వీళ్లకు కొన లేస్తుంది. ముందు వినడం నేర్పండి. కోట, తోట బొమ్మలు రెండూ ముందు పెట్టి, మీరు అన్నదాన్ని చూపించమనండి. తల–కల, తాళ్లు–కాళ్లు కూడా మంచి జతలే. తోక–కోక మాత్రం వద్దు, రెండింటిలోనూ ‘క’ ఉంది, వాడు రెండింటినీ ‘తోత’ అంటాడు.

వినడం కుదిరాక పలికించడం. అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుక కొనను కింది పళ్ల వెనక ఆనించి ఉంచమని, ‘అక్’, ‘ఊక్’ అనమనండి. కొన లేస్తుంటే, కడిగిన తన వేలితోనే దాన్ని మెల్లగా కిందికి నొక్కి ‘త’ అనమంటే చాలాసార్లు ‘క’ దొర్లుతుంది. చెక్క పుల్లతో నొక్కడం థెరపిస్టు దగ్గరుండి నేర్పితేనే చేయండి. ఎక్కువ లోపలికి పోతే డోకు వస్తుంది, ఆ పిల్లాడు మళ్లీ నోరు తెరవడు.

మాటల దగ్గర ఇంగ్లిష్ వర్క్‌షీట్లు దారి తప్పిస్తాయి. వాటిలో హల్లుతో ముగిసే మాటల జాబితా ఉంటుంది, మన మాటలు దాదాపుగా అచ్చుతో ముగుస్తాయి. మనకున్న వరం ద్విత్వం: అక్క, ముక్కు, లెక్క, పక్క. ‘క్క’ దగ్గర నాలుక కాసేపు ఆగుతుంది కాబట్టి పిల్లాడికి ఆ చోటు తెలుస్తుంది. వీటితో మొదలుపెట్టి కోట, కూర, కాలు, ఆ తర్వాత కాకి, కుక్క. ఆపైన ‘అక్క కూర తింది’ లాంటి వాక్యాలు.

ఇరవై నిమిషాల సెషన్‌లో పిల్లాడి నోటి నుంచి ఆ శబ్దం 80 సార్లయినా రావాలి. ఆట బొమ్మలు ఎక్కువైతే ఆటే మిగులుతుంది. చివరి 20 సార్లకు లెక్క రాయండి: సొంతంగా సరిగ్గా వస్తే కూడిక గుర్తు, తప్పైతే తీసివేత, మీరు పలికి చూపించాక వస్తే ‘సా’, అంటే సాయంతో. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ‘సా’ని కూడా కూడికలో కలిపేస్తారు. 20కి 16 రాశారంటే 80 శాతం అని థెరపిస్టు పై మెట్టుకు పంపుతారు. అందులో 9 మీ సాయంతో వచ్చినవే అయితే తరగతిలో వాడి నోట మళ్లీ ‘తాతి’యే వస్తుంది, తప్పు పిల్లాడిదనుకుంటారు. తప్పు పలికినప్పుడు ‘వెరీ గుడ్’ అనకండి. ‘ఇది తోట అయింది, నాకు కోట కావాలి’ అంటే చాలు.

యాసను దిద్దకండి. ఇంట్లో అందరూ ‘నీల్లు’ అంటే పిల్లాడూ అదే అంటాడు, అది లోపం కాదు. ‘ఖ’, ‘ఘ’ ఒత్తి పలకకపోవడమూ అంతే. లంబాడీ, గోండీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలైతే ఇంటి భాష ఏదో ఫైలు మీద మొదటే రాసి పెట్టండి.

నత్తి ఉన్న పిల్లాడికి ‘మెల్లగా చెప్పు, ఊపిరి పీల్చుకో’ అనకండి, మాట మధ్యలో అందుకోకండి. వాడు ముగించేదాకా ముఖం వైపు చూస్తూ ఆగండి. టీచర్లకూ ఇదే చెప్పండి.

పిల్లల్ని ఆటల పీరియడ్‌లో, భోజనం వేళలో పిలిస్తే మీ గది శిక్షలా అనిపిస్తుంది. ఏ పీరియడ్ అయితే బాగుంటుందో టీచరుతో మాట్లాడి రాసుకోండి. ఇంటికి ఐదు బొమ్మలే పంపండి, రోజుకు ఐదు నిమిషాలు. అదీ సెషన్‌లో సొంతంగా పలికిన మాటలే పంపాలి. రానివి పంపితే ఇంట్లో తప్పునే సాధన చేయిస్తారు. వరుసగా మూడు సెషన్లలో అంకె కదలకపోతే నాలుగోది చేయకుండా, కాగితం తీసుకుని థెరపిస్టును కలవండి.